ఊరుమ్మడి సీసా

మా ఆయన డిగ్రీ పాసయ్యాడని హైదరాబాదు నుంచి కబురు రాగానే మా మామ కొబ్బరికాయ కొట్టాడు. అందరికీ తలా ఒక ముక్క పెట్టాడు. తర్వాత దుకాణంలోకి పోయి, తక్కెడ ముందు తాను కూర్చునే గోనెపట్టా తీసి వీధిలోకి గట్టిగా దులిపి, మళ్లీ పరిచి, కొడుకు వైపు తిరిగి, "ఇగ కూసో" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఈయన ఆ గోనెపట్టా మీద కూర్చోవడానికేనా నన్ను ఎల్లారెడ్డికి ఇచ్చింది?

నేను కామారెడ్డి పిల్లను. స్టేషన్ వెనక మా పుట్టిల్లు. రైలు కూత విని అన్నం వండుకునే ఇల్లు మాది. అట్లాంటిదాన్ని రైలూ గియిలూ లేని ఎల్లారెడ్డికి ఇస్తామంటే మా అవ్వ, అంటే మా అమ్మ, ముందు ఒప్పుకోలేదు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "పిలగాడు పట్నంల సైన్సు చదువుతున్నడు. ఎల్లారెడ్డిల ఎన్ని దినాలుంటడు? నౌకరి రాంగనే పిల్ల దొరసాని లెక్క ఉంటది" అని చెప్పి ఒప్పించాడు. నేనూ ఆ మాట నమ్మి తలవంచి తాళి కట్టించుకున్నాను. తీరా వచ్చి చూస్తే మా మామకు కిరాణా దుకాణం, ఆ దుకాణం మీద ప్రాణం. ఉప్పు, పప్పు, చాకలి సోడా, మైలుతుత్తం, మూలన బెల్లం దిమ్మలు. ఆయన బుగ్గలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. మాట్లాడేటప్పుడు దాన్ని ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు మార్చి మాట్లాడేవాడు.

ఇంతకీ మా ఆయన చదివిందేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మా మనవరాలు అదే చదువుతూ బయోకెమిస్ట్రీ అంటుంది. అప్పుడు దానికి తెలుగులో పేరు లేదు. నిజాం రోజులు కాబట్టి ఆయన చదివింది ఉర్దూలో. ఒకసారి నేనే అడిగాను.

"మనం తిన్నది ఒంట్లకు పోయినంక ఏమైతది, ఏది నెత్తురైతది, ఏది బయటికొస్తది, గది చూస్తం" అన్నాడు ఆయన, కళ్లు మెరుస్తుండగా.

"గది చూసుడు గూడ ఒక చదువా? మన పెరడెనుక పందులు గూడ పొద్దున లేస్తే గదే చూస్తయి" అన్నాను.

పాపం, ఆయన నవ్వేశాడు. ఆయన మంచితనంతోనే నాకు పెద్ద బాధ. కొట్లాడదామంటే ఎదురు మాట ఉండదు.

మా మామ మాత్రం గడువు పెట్టాడు. "దసరా దాక చూస్త. నౌకరి దొరికితె పో. దొరకకపోతె జమ్మికి పొయ్యొచ్చిన దినమే గీ పట్టా మీద కూసోవాలె. మల్ల మారు మాట ఉండొద్దు" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. నేను తలుపు వెనక పళ్లు కొరికాను. ఆ రోజుల్లో కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడకూడదు, తలుపు చాటునుంచే మాట్లాడాలి. నేనూ చాటునుంచే మాట్లాడేదాన్ని. కాకపోతే అవతలి వీధికి వినపడేది.

"దసరా దాక గాదు, సంకురాత్రి దాక చూడుండ్రి మామా!" అన్నాను.

"తలుపుకు నోరొచ్చిందే" అన్నాడు మా మామ, బెల్లం ముక్క మార్చుకుంటూ.

అప్పటినుంచి మా దుకాణం అరుగు మీద రోజూ ఇదే పంచాయతీ. చింతపండుకు వచ్చినవాడూ, ఉప్పుకు వచ్చినవాడూ మా ఆయన చదువుకు తగ్గ నౌకరి వెతికేవారు. రసాయనాలు తెలిసినవాడు రాగిని బంగారం చేస్తాడని ఒకాయన గట్టిగా నమ్మాడు. ఇంట్లోంచి రాగి చెంబు తెచ్చి మా ఆయన ముందు పెట్టి, తొందరేం లేదు, సాయంత్రానికి ఇచ్చినా చాలు అని చెప్పి పోయాడు. ఇంకొకాయన విషం పెట్టి చంపినవాళ్లను పట్టుకునే పోలీసు పని బాగుంటుందన్నాడు. మరి మన దిక్కు విషాలు పెట్టేవాళ్లు తక్కువ కదా అని ఆయనే మళ్లీ దిగులుపడ్డాడు. బోధన్ దిక్కు కొత్తగా వచ్చిన శక్కర్ కార్ఖానా మాట కూడా వచ్చింది. మా ఆయన పోయి అడిగి వచ్చాడు. చెరుకు రసం చూసేవాళ్లు అప్పటికే నిండారట.

ఆబ్కారి శాఖలో ఒక ఖాళీ ఉందంటే పోయాడు. కల్లు ఎట్లా పులుస్తుంది, అందులో కంటికి కనపడని జీవాలు ఏం చేస్తాయి అని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ పోయాడు. అక్కడ ఉన్న సాహెబు అవేవీ అడగలేదట. "ఘోడా ఎక్కుడొస్తదా?" అని ఒక్కటే అడిగాడట. కల్లు మండువాల చుట్టూ గుర్రం మీద తిరగాలి కదా మరి. రాదని ఒప్పుకుంటే పోయేది. మా ఆయన వస్తుందన్నాడు! ఎక్కాడు. ఆ గుర్రం ఆయనను నిజాంసాగర్ కాలువ దాకా తీసుకుపోయి, నీళ్లలోకి ఒంపి, ఒక్కటే వెనక్కి వచ్చిందట. ఇంటికి వచ్చాక నడుముకు ఆముదం రాస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తర్వాత సబ్బు చేస్తానన్నాడు. మా అత్తకు మా ఆయనంటే ప్రాణం. "నా కొడుకు సబ్బు" అని మొదటి బిళ్ల తనే తీసుకుని ముఖం కడుక్కుంది. రెండు దినాలు ముఖం టమాటా పండులా ఎర్రబడింది. "మస్తు తెల్లగైతున్న" అందే గానీ కొడుకును ఒక్క మాట అనలేదు. మా మామ ఆ బిళ్లలను వృథా చేయకుండా ఎద్దుల కొట్టంలో పురుగులకు వేశాడు. అక్కడ బాగా పనిచేశాయి.

దసరా దగ్గరపడుతోంది. రోజూ గోనెపట్టాను చూస్తే నాకు పాడెను చూసినట్టే ఉండేది. అప్పుడు వచ్చింది దొర కబురు.

మా పక్క ఊరి దొరకు కాలి మీద పుండు లేచి ఎన్నాళ్లకూ మానడం లేదు. శక్కర్ బీమారి, అదే చక్కెర జబ్బు, ఉంటే పుండ్లు మానవని ఎవరో చెప్పారట. ఎల్లారెడ్డి కిరాణా దుకాణపాయన కొడుక్కి అది కనిపెట్టే విద్య వచ్చని కూడా చెప్పారు. దొర గడి నుంచి, అంటే ఆయన కోట లాంటి ఇంటి నుంచి, మస్కూరి వచ్చాడు. మస్కూరి అంటే దొర హుకుం ఊళ్లోకి, ఊరి సామాను గడిలోకి మోసే మనిషి. "మా దొర బీమారేందో సరిగ్గ చెప్తె నౌకరికి సిఫారసు చేస్తడంట" అన్నాడు. నేను తలుపు వెనక దేవుడికి దండం పెట్టుకున్నాను.

"ఒంటికి పోయింది ఒక చిన్న సీసాల పంపుమను. అంతే" అన్నాడు మా ఆయన.

ఆ పరీక్షకు నీలం మందు కావాలి. దానికి కావలసిన మైలుతుత్తం, చాకలి సోడా మా దుకాణంలోనివే, తక్కినది ఆయన పట్నం నుంచి తెచ్చుకున్నదే. నీలం మందును గాజు గొట్టంలో పోసి, అందులో కాస్త మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. శక్కర్ లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. నాకు ఆయన చదువులో అర్థమైంది ఇదొక్కటే. ఇది మాత్రం బాగా నచ్చింది. వంటకు దగ్గరగా ఉంది.

మర్నాడు మస్కూరి వచ్చాడు. చేతిలో సీసా లేదు. తల మీద కుండ ఉంది!

"గింతనా?" అన్నాడు మా ఆయన బిత్తరపోయి.

"గడి నుంచి పొయ్యేది సీసాల పోతదా అయ్యా? దొర ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు మస్కూరి.

మా ఆయన కాచాడు. నేను తలుపు సందులోంచి చూశాను. నీలం ఆకుపచ్చయింది. ఆకుపచ్చ పసుపయింది. చూస్తుండగానే గొట్టం అడుగున ఇటుక పొడి దిగినట్టు దిగింది. మా ఆయన గంభీరంగా చెప్పి పంపాడు. దొరకు శక్కర్ బీమారి ఉంది, బెల్లం, మిఠాయి పూర్తిగా బందు పెట్టాలి, వరి అన్నం తగ్గించి జొన్న రొట్టె తినాలి అని.

ఆ మర్నాడు పక్క ఊళ్లో డప్పు మోగింది. దొరకు శక్కర్ బీమారి వచ్చింది కాబట్టి ఊరి జనం ఎవరూ తీపి తినకూడదని, వరి అన్నం తగ్గించాలని చాటింపు వేశారు. దొర మాత్రం గడిలో కూర్చుని జిలేబీ తింటూ, "ఊరంత పథ్యం చేస్తున్నది. ఇంక తగ్గకపోతె ఎట్ల?" అన్నాడట. ఆ ఊళ్లో కట్టెలు కొట్టేదీ ఊరే, పాలు పోసేదీ ఊరే, దొర పల్లకీ మోసేదీ ఊరే. పథ్యం ఒక్కటి దొర ఎందుకు చేస్తాడు? ఆ జనం మీద జాలేసింది. వరి అన్నం తగ్గించమని చాటింపు వేశారు గానీ, అది రోజూ తినేది గడిలోవాళ్లే.

దీనివల్ల మునిగింది మా దుకాణం. ఆ ఊరివాళ్లు బెల్లం కొనడం మానేశారు. మా మామ మండిపడ్డాడు.

"శబాష్ బిడ్డా! నౌకరి తెస్తదనుకున్న నీ చదువు నా బ్యారం ముంచింది. దిమ్మలన్ని కరిగిపోతున్నయి!" అని అరిచాడు. ఆ కరిగిపోయే దిమ్మలను పాడుచేయడం ఇష్టం లేక తనే కొట్టుకుని తినసాగాడు. రెండు బుగ్గల్లోనూ బెల్లం ఉంటే ఇక మార్చడానికి చోటుండేది కాదు. తిట్లు కూడా సరిగ్గా వచ్చేవి కావు.

ఇంతలో వేపాకు ముద్దకో, ఊరి పథ్యానికో దొర పుండు మానింది. దొర ఉప్పొంగిపోయి, మోటారులో కామారెడ్డి పోయి, స్టేషన్ దగ్గరి పెద్ద డాక్టరుకు కాలు చూపించాడు. ఆ డాక్టరు దొర చేతికే సీసా ఇచ్చి, అక్కడికక్కడే నింపించి, పరీక్ష చేసి, "మీకు శక్కర్ లేనే లేదు" అన్నాడు. "మరి! ఊరు పథ్యం చేసింది గద" అన్నాడు దొర. డాక్టరుకు తల తిరిగింది. ఎవరు పరీక్ష చేశారో వాణ్ణి పిలవమన్నాడు. మా ఆయన తన నీలం మందు పట్టుకుని బస్సెక్కాడు. అక్కడ జరిగింది ఆయన చెప్పగా విన్నదే, కానీ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో నాకే తెలుసు.

డాక్టరు మొదట మా ఆయన నీలం మందు చూశాడు. తన దగ్గరున్న శక్కర్ రోగి సీసాలోంచి చుక్కలు వేసి కాయమన్నాడు. సరిగ్గా ఇటుక రంగు వచ్చింది. "పరీక్ష తప్పు గాదు. దొరా, మొన్న మీరు ఒంటికి పోయిందే పంపిండ్రా?" అని అడిగాడు.

దొరకు కోపం వచ్చింది. "నేనెందుకు పోస్త? నాకు మనుషులు లేరా?" అన్నాడు.

అందరూ మస్కూరి వైపు చూశారు. మస్కూరి చేతులు కట్టుకున్నాడు. "నీ బాంచెను దొరా. గడికి ఏం గావాలన్న ఊరే ఇయ్యాలె గద. పాలు ఇస్తది, గడ్డి ఇస్తది. గిది గూడ ఇంటింటికి తిరిగి వసూలు చేసిన. జనం సగం మంది పొలాలకు పోయిండ్రు, కుండ నిండకపాయె. తక్కువ తెచ్చినవని తంతరేమోనని భయపడి, ఆఖరుకు ఎల్లారెడ్డిల గీ అయ్య దుకాణం కాడ దించిన. వీండ్ల బాపు మంచోడు. గడికి పొయ్యేది తక్కువ పోస్తె బాగుండదని మిగిలిందంత ఆయనే నింపిండు."

డాక్టరు కుర్చీలోంచి జారిపడేంత నవ్వాడట. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నా దగ్గర గిసొంటి పరీక్షలు చేసేటోడు లేడు. దసరా అయినంక రా, నౌకరి నీదే. గని ముందుగాల ఒక పని చెయ్యి. ఆ కుండల ఎవలికో శక్కర్ మస్తుగ ఉన్నది. వాండ్లకు తెల్వది. పోయి పట్టుకో" అన్నాడు.

మా ఆయన ఆ ఊరికి పోయి ఇంటింటికీ సీసా పట్టుకుని తిరిగాడు. "మొన్ననే ఇచ్చినం గద! ఏడాదికి రెండుసార్లా?" అని జనం గగ్గోలు పెట్టారు. ఎట్లాగో ఒప్పించి అందరివీ చూశాడు. అన్నీ నీలమే.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా మామ తాగే నీళ్లు గుర్తొచ్చాయి. చెంబు మీద చెంబు, అయినా దాహం తీరదు. ఏడాదిలో చొక్కా ఎంత వదులైంది! తక్కెడ పట్టుకునే కునుకు తీస్తాడు. నేను ఇన్నాళ్లూ అది ముసలితనం అనుకున్నాను.

"ఇగ మిగిలింది మామనే" అన్నాను.

మా ఆయన ఖాళీ సీసా పట్టుకుని దుకాణంలోకి పోయాడు.

మా మామ ససేమిరా అన్నాడు. "గడికి ఇచ్చిన. ఇగ ఇయ్య" అని భీష్మించాడు. నేను తలుపు వెనకనుంచి, "గడికి కుండ నింపినోళ్లు కన్న కొడుక్కు సీస నింపరా మామా?" అన్నాను. అరుగు మీద ఉన్న జనమంతా నవ్వారు. ఆ సిగ్గుకు లేచి, పెరట్లోకి పోయి తెచ్చి ఇచ్చాడు.

దుకాణంలోనే దీపం వెలిగించాడు మా ఆయన. నీలం, ఆకుపచ్చ, పసుపు అని వరసగా మారలేదు. ఒక్కసారే ఇటుక రంగుకు దూకింది.

"గింత ఎర్రగున్నది, గిది దొరదా?" అన్నాడు మా మామ.

"నీదే బాపు" అన్నాడు మా ఆయన.

మా మామ బుగ్గలోంచి బెల్లం ముక్క తీశాడు. పారేయడానికి మనసు రాలేదు. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "శాన దినాల సంది చేతగాదురా నాకు. తక్కెడ లేపితె చెయ్యి వణుకుతది. చెప్తె మీ అవ్వ ఏడుస్తది, దుకాణం మీద పేరు పోతది. గందుకే నిన్ను కూసోమన్న. నీ చదువు మీద కోపం గాదు."

ఇన్నాళ్లూ ఆ గోనెపట్టాను తిట్టిన తిట్లన్నీ నాకే తిరిగి తగిలాయి. చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను.

దసరా వచ్చింది. కామారెడ్డిలో నౌకరి ఉంది. కానీ జమ్మికి పోయి వచ్చి, పెద్దలందరికీ జమ్మి ఆకు పెట్టి మొక్కాక, మా ఆయన తిన్నగా దుకాణంలోకి పోయి గోనెపట్టా మీద కూర్చున్నాడు. తక్కెడ సరిచేసుకున్నాడు. తండ్రి పరిస్థితి అట్లా ఉంటే ఏమని కొట్లాడను? పుట్టింటి స్టేషన్‌ను, రైలు కూతను మనసులోనే సాగనంపుకున్నాను. ఏడుపొచ్చింది కూడా.

మా మామ వచ్చి చూశాడు. వంగి, పట్టా కొసలు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మా ఆయన పప్పు బస్తాల మీద వెల్లకిలా పడ్డాడు.

"లే! నువ్వు గీడ కూసుంటె నా సీస ఎవలు చూస్తరు? దీపం గాడ, మందు గాడ, డాక్టరు గాడ. నేను పథ్యం చేస్త. వారం వారం బస్సుల సీస పంపిస్త. ఎర్రగైతె గప్పుడు నౌకరి ఇడిశిపెట్టి రా. నీలంగ ఉన్నన్ని దినాలు గాడికెల్లి కదిలినవంటె కాళ్లిరగ్గొడ్త!" అన్నాడు.

అట్లా మేము కామారెడ్డికి వచ్చాము. డాక్టరు దవాఖాన వెనకే రెండు గదుల ఇల్లు. మా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొట్టాలు కాచేవాడు. గొట్టాలు కడగడం నా పని. జీతం లేదు గానీ హోదా ఉంది. ఎవరింట్లో ఎవరికి శక్కర్ ఉందో పేటలో అందరికంటే ముందు నాకే తెలిసేది.

వారం వారం ఎల్లారెడ్డి బస్సులో మా మామ సీసా వచ్చేది. యుద్ధం మొదలై పెట్రోలు కరువై, బస్సుకు వెనక బొగ్గుల కుంపటి తగిలించి నడిపే రోజులు. ఎత్తు రాగానే జనం దిగి తోసేవారు. అయినా సీసా పగలకుండా వచ్చేది. కండక్టరు అది నెయ్యి అనుకుని ఒడిలో పెట్టుకుని తెచ్చేవాడు. మేము చెప్పలేదు.

ప్రతి వారం నీలమే. ఇంత కూడా రంగు మారేది కాదు. మా ఆయన గొట్టాన్ని వెలుగులో పెట్టి చూసి మురిసిపోయేవాడు. "చూసినవా? బాపు ఎంత పథ్యం చేస్తున్నడో!" అనేవాడు. డాక్టరు కూడా, అంత ఎర్రగా ఉన్న మనిషి ఇంత నీలమవడం తాను చూడలేదని, రోగులందరికీ మా మామ పట్టుదల గురించి చెప్పేవాడు. పేటలో మా మామకు మంచి పేరు వచ్చింది.

ఒకనాడు మా మామే వచ్చాడు. కామారెడ్డి బజారులో దుకాణానికి సామాను కొన్నాడు. సాయంత్రం బస్సు తప్పిపోయి మా ఇంట్లోనే ఉండిపోయాడు. మనిషి సగమయ్యాడు. బస్సులో ఊగి ఊగి అలిసిపోయానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం తండ్రీ కొడుకులిద్దరూ అన్నాలకు కూర్చున్నారు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని జొన్న రొట్టె వేసి తలుపు చాటుకు వచ్చాను. వాకిట్లో కండక్టరు కేక వినపడింది.

"అమ్మా! ఎల్లారెడ్డికెల్లి మీ మామ నెయ్యి పంపిండు!"

నేను పోయి అందుకున్నాను. ఎప్పటి సీసానే. ఎప్పటి గుడ్డ మూతే. ఇంకా వెచ్చగా ఉంది. సీసా చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాను. మా మామ మా వంటింట్లో ఉన్నాడు. మా మామది బస్సులో వచ్చింది.

మా ఆయన సీసాను చూశాడు. తండ్రిని చూశాడు. మళ్లీ సీసాను చూశాడు. ఏ కాలేజీలోనూ ఆయనకు ఇది నేర్పి ఉండరు.

"బాపు, గిది ఎవలిది?" అన్నాడు.

మా మామ రొట్టె ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. చివరికి, "మీ అవ్వది" అన్నాడు. "మొదటి సంది అవ్వదే. నేను ఊళ్లె లేకున్న గూడ పంపే పిచ్చిది గది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తది."

నేను నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఆయన తల దించుకుని ఉన్నాడు.

"బెల్లం ఇడవలేకపోయినరా. దుకాణంల కూసుంటె ఎదురుంగ అవే దిమ్మలు. ఎర్రగైతె నౌకరి ఇడిశి వస్తవని నేనే అంటి. నా నోటితోని నేనే అంటి. నువ్వు రావొద్దు. గట్టిగ చదివినవు, గట్టి నౌకరి చేస్తున్నవు. నా సీస ఒక్కటి ఎర్రగైతె ఏమాయె?"

మా ఆయన పళ్లెం ముందునుంచి లేవకుండానే ఏడ్చాడు. పెద్ద మగవాడు, రొట్టె చేతిలో పట్టుకుని. నాకు ఏడుపూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. తలుపు చాటు సంగతి మరచిపోయాను. కొంగు నడుముకు చెక్కి, జీవితంలో మొదటిసారి మా మామ ఎదుటికి వచ్చి నిలబడ్డాను.

"ఏమాయెనా? దొర ఊరోళ్లది పంపిండంటె దొర. మీకేమొచ్చింది? మీరు పోతె మాకు నౌకరి దేనికి, గొట్టాలు దేనికి? ఇగ మీరు ఎల్లారెడ్డికి పోవుడు లేదు. అత్తను పిలిపిస్త. దుకాణం తాళం వేసి బెల్లం దిమ్మలన్ని దొరకే పంపిస్త, తిని సావనియ్యుండ్రి!"

మా మామ తలెత్తి నన్ను చూశాడు. బహుశా నా ముఖం సరిగ్గా చూడటం అదే మొదలు.

"తలుపు లేకుంటె ఇంక గట్టిగ ఇనపడుతున్నది" అన్నాడు.

మా అత్త వచ్చింది. సామాను తక్కువ తెచ్చింది, ఏడుపు ఎక్కువ తెచ్చింది. ఆ సామానులో గోనెపట్టా కూడా ఉంది. దుకాణం లేకపోయే సరికి మా మామకు చేతులు కాళ్లు ఆడలేదు. పొద్దున లేచి దవాఖాన అరుగు మీద తిరిగేవాడు. అక్కడ సీసాలు ఇవ్వడానికి వచ్చే జనాన్ని ఒక కంట కనిపెడుతూ ఉండేవాడు. సిగ్గుపడే ఆడవాళ్లు చెల్లెలిది తెచ్చేవారు, తీరిక లేని షావుకార్లు గుమస్తాది పంపేవారు. ఒకాయన మేకది తెచ్చాడని మా మామే కనిపెట్టాడు. ఈ విద్యలో ఆయనను మించినవాడు లేడు మరి. డాక్టరుకు చెబితే మళ్లీ కుర్చీలోంచి జారేంత నవ్వి, సీసాల దగ్గర కూర్చునే పని ఆయనకే అప్పగించాడు.

మొదటి దినం పొద్దున్నే నేను దవాఖాన అరుగు మీదికి ఆ గోనెపట్టా తీసుకుపోయి, వీధిలోకి గట్టిగా దులిపి, పరిచాను.

"ఇగ కూసోండ్రి మామా" అన్నాను.

కూర్చున్నాడు. జేబులోంచి పాత కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. అందులో బెల్లం ముక్క ఉంది. తర్వాత అరుగు కింద నిలబడ్డ జనం వైపు తిరిగి, బుగ్గలో ఏమీ లేని గొంతుతో అరిచాడు. "ఎవలిది వాండ్లే ఇయ్యాలె! ఇంకొకలది తెస్తె నాకు తెలుస్తది!"

ఆ పొద్దు కొడుకు బల్ల మీద ఆయన పెట్టిన మొదటి సీసా తనదే.